వినేవాడి చోటు: రాక్ ఆల్బమ్‌ల వెనుక ప్రొడ్యూసర్లు



మద్రాసు స్టూడియోల్లో శబ్దగ్రాహకుడిగా జీవితం గడిపిన మాస్టారి పేరిట జరుగుతున్న ఈ సభలో, వృత్తిరీత్యా ఆయన ఎన్నడూ ముట్టుకోని సంగీతం గురించి మాట్లాడబోతున్నాను. విషయం మీరే ఎంచుకోండి అని కుటుంబం వారు అన్నప్పుడు నాకు మరో ఆలోచన రాలేదు. మేమిద్దరం కూర్చున్నప్పుడల్లా మాటలు బీటిల్స్ మీదికో, లెడ్ జెప్పెలిన్ మీదికో, డేవిడ్ బౌవీ మీదికో వెళ్లేవి. సాహిత్యం, బాణీ తర్వాత. ఏ రికార్డు పెట్టినా ఆయన మొదట అడిగేది ఒక్కటే: "మైకు ఎక్కడ పెట్టాడు?" ఆ ప్రశ్నను పట్టుకునే ఈరోజు నేను వెళ్తాను.

సినిమా నిర్మాత డబ్బు పెడతాడు. రికార్డు ప్రొడ్యూసర్ చెవి పెడతాడు. ఆల్బమ్‌లోకి ఏ పాటలు వెళ్లాలి, ఇంకోసారి వాయించమనాలా లేక చాలనాలా, గొంతు ముందుండాలా గిటారు ముందుండాలా అన్నవి ఆయన తేల్చాల్సినవి. వాటిని యంత్రాల మీద అమలు చేసేవాడు ఇంజనీరు. చాలాసార్లు దారి చూపించేది కూడా ఇంజనీరే. వాళ్లిద్దరి పనినీ విడదీయడం కష్టం కాబట్టి నేను కలిపే మాట్లాడతాను. నా వాదన చిన్నది. పాట ఎవరు కట్టినా, ఎవరు పాడినా, వినేవాడు ఆ పాటకు ఎంత దూరంలో, ఎలాంటి చోట నిలబడి వింటున్నాడో ప్రొడ్యూసర్ నిర్ణయిస్తాడు. ఒక ఆల్బమ్ 'సౌండ్' బాగుంది అని మనం అన్నప్పుడు చాలావరకు మెచ్చుకుంటున్నది ఆ చోటునే.

ఈ కథ రాక్ పుట్టుకతోనే మొదలవుతుంది. మెంఫిస్‌లో 706 యూనియన్ అవెన్యూలోని ఒక చిన్న స్టూడియోలో శామ్ ఫిలిప్స్ రెండు టేపు రికార్డర్లు పెట్టుకున్నాడు. పాడుతున్న ధ్వనిని రెండో యంత్రానికి కూడా పంపేవాడు. టేపు రికార్డింగ్ హెడ్‌ను దాటి ప్లేబ్యాక్ హెడ్‌కు చేరేలోగా రెప్పపాటు ఆలస్యం జరుగుతుంది. ఆ ఆలస్యపు ధ్వనిని తెచ్చి అసలు ధ్వనికి కలిపేవాడు. దాన్నే స్లాప్‌బ్యాక్ ఎకో అంటారు. 1954లో ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డులు అక్కడే తయారయ్యాయి. ఎల్విస్ నిలబడి పాడిన గది ఒకటి, మనకు వినిపించే గది ఇంకొకటి. ఆ రెండో గది లోకంలో ఎక్కడా లేదు, టేపు మీద తప్ప.

1960ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోలో ఫిల్ స్పెక్టర్ దీన్ని ఇంకో కొసకు తీసుకెళ్లాడు. ఒకే వరసను అనేక గిటార్లతో, పియానోలతో ఒకేసారి వాయింపజేసి, ఆ మోతనంతా ఎకో చాంబర్‌లోకి పంపి, మోనోలో అచ్చుగుద్దాడు. 1963లో రోనెట్స్ పాడిన 'బీ మై బేబీ' అందుకు పెద్ద ఉదాహరణ. ఆ పద్ధతిని దగ్గరుండి చదువుకుని బ్రయన్ విల్సన్ 1966లో బీచ్ బాయ్స్‌తో 'పెట్ సౌండ్స్' చేశాడు. శిష్యుడి పనిలో నాకు గాలి ఆడుతుంది, గురువు పనిలో ఆడదు. స్పెక్టర్ రికార్డుల్లో ఏ వాద్యకారుడి చెయ్యీ విడిగా తెలియదు. లానా క్లార్క్‌సన్ అనే నటిని హత్య చేసినట్టు 2009లో నేరం రుజువై, శిక్ష అనుభవిస్తూనే 2021లో అతను చనిపోయాడు. ఆ సంగతి చెప్పకుండా అతని పేరెత్తడం నాకిష్టం లేదు.

ఇక జార్జ్ మార్టిన్. నాకు అందరికంటే ఇష్టుడు కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. 1926లో లండన్‌లో పుట్టాడు, 2016 మార్చిలో తొంభై ఏళ్లు నిండి వెళ్లిపోయాడు. గిల్డ్‌హాల్ సంగీత విద్యాలయంలో ఓబో నేర్చుకున్నాడు. 1955లో, ముప్ఫై నిండకముందే, ఈఎంఐ వారి పార్లోఫోన్ విభాగానికి అధిపతి అయ్యాడు. పార్లోఫోన్‌లో అప్పటికి గొప్ప తారలెవరూ లేరు. పీటర్ సెల్లర్స్‌లాంటి వాళ్లతో హాస్య రికార్డులు చేసి ఆ విభాగాన్ని నిలబెట్టాడు. మార్టిన్ గురించి రాసేవాళ్లు ఓబో చదువునే ఎక్కువగా పొగుడుతారు. నాకు మాత్రం ఆ హాస్య రికార్డులే అసలు చదువుగా కనిపిస్తాయి. తలుపు చప్పుడు, అడుగుల చప్పుడు, దూరంగా ఎవరిదో కేక కలిపి కళ్లకు కనబడని చోటును చెవికి కట్టించే పని అది. 1962లో బీటిల్స్ ఆయన దగ్గరికి వచ్చేటప్పటికే ఆ విద్య చేతిలో ఉంది. దాన్ని పాటకు వాడటమే మిగిలింది.

1966 ఏప్రిల్‌లో, అబ్బే రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోలో 'రివాల్వర్' పని మొదలైంది. తొలి పాట 'టుమారో నెవర్ నోస్'. పర్వత శిఖరం మీద నుంచి దలైలామా జపిస్తున్నట్టు తన గొంతు వినిపించాలని జాన్ లెనన్ అడిగాడు. కొత్తగా ఇంజనీరు కుర్చీలోకి వచ్చిన జెఫ్ ఎమరిక్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు. హామండ్ ఆర్గన్‌కు లెస్లీ అనే స్పీకరు ఉంటుంది, దాని లోపల హారన్ గిరగిరా తిరుగుతుంది. పాట రెండో సగంలో లెనన్ గొంతును ఎమరిక్ అందులోంచి పంపాడు. తిరిగే హారన్ వినేవాడి వైపు వచ్చినప్పుడు గొంతు దగ్గరవుతుంది, అవతలికి తిరిగినప్పుడు దూరమవుతుంది. కొండకు, శ్రోతకు మధ్య దూరం అలా తయారైంది. ఇక టేపు లూపులు, అంటే కొసలు అతికించి చుట్టులా తిప్పే టేపు ముక్కలు. ఐదు లూపుల్ని భవనంలోని వేర్వేరు యంత్రాల మీద తిప్పుతుంటే, టేపు బిగువు సడలకుండా సిబ్బంది పెన్సిళ్లు అడ్డుపెట్టి పట్టుకున్నారు. ఆ లూపుల్ని మిక్సింగ్ డెస్కు మీద అప్పటికప్పుడు పైకీ కిందికీ జరుపుతూ రికార్డు చేశారు. ఆ వరస మళ్లీ అలాగే రావడం అసాధ్యం.

అదే పాటలో రింగో స్టార్ డ్రమ్స్ వినండి. బేస్ డ్రమ్ములో ఊలు స్వెట్టర్ కుక్కి, మైకును దానికి ఆనించినంత దగ్గరగా జరిపాడు ఎమరిక్. సున్నితమైన మైకులు గాలి ఒత్తిడికి దెబ్బతింటాయని ఈఎంఐలో కొంత దూరం తప్పనిసరి చేస్తూ నిబంధన ఉండేది. అతను దాన్ని దాటాడు. అదే నెలలో 'ఎలనార్ రిగ్బీ'కి వచ్చిన నలుగురు వయొలిన్, ఇద్దరు వయోలా, ఇద్దరు చెల్లో వాద్యకారుల దగ్గర కూడా అదే పని చేశాడు. మైకు తమ తీగల మీదికే వచ్చేసరికి వాళ్లు బెదిరి, టేకుకూ టేకుకూ మధ్య కుర్చీలు వెనక్కి జరుపుకున్నారట. పాశ్చాత్య సంగీతంలో తీగవాద్యం అంటే కచేరీ హాల్లో ఇరవయ్యో వరసలో కూర్చుని వినే నునుపైన ధ్వని. ఈ పాటలో కమాను తీగను గీకుతున్న రాపిడి మన చెవి పక్కనే వినిపిస్తుంది. ఒంటరివాళ్ల గురించిన పాటకు తీగవాద్యాలు పెడితే మామూలుగా కరుణ ఒలికిపోవాలి. ఇక్కడ ఒలకలేదు. ఆ కాఠిన్యంలో సగం మార్టిన్ రాసిన స్వరాలదైతే, సగం ఆ కొన్ని అంగుళాలది.

'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' కథ చాలామందికి తెలిసిందే, అయినా వదలలేను. ఒక టేకు బ్యాండు వాయించిన నెమ్మదైన రూపం. ఇంకొకటి ట్రంపెట్లు, చెల్లోలతో బరువుగా, కొంచెం వేగంగా సాగే రూపం. మొదటిదాని ఆరంభం, రెండోదాని చివర నచ్చాయి, కలిపేయమన్నాడు లెనన్. శ్రుతీ వేరు, కాలప్రమాణమూ వేరు. 1966 డిసెంబరులో మార్టిన్, ఎమరిక్ ఒక టేపును కాస్త వేగం పెంచి, రెండోదాన్ని తగ్గించి, శ్రుతి కలిసిన చోట బ్లేడుతో కోసి అతికించారు. అతుకు సరిగ్గా ఒక నిమిషం దగ్గర వస్తుంది. అక్కడి నుంచి లెనన్ గొంతు బరువెక్కి, నిద్రలో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. టేపు వేగం మార్చిన ఫలితం అది. అవసరం కోసం చేసిన పని పాటకు రెండో మనసు ఇచ్చింది.

మన సంగీతం తెలిసినవాళ్లకు ఇంకొక్క మాట. 1967లో వచ్చిన 'సార్జంట్ పెప్పర్'లో జార్జ్ హారిసన్ పాట 'వితిన్ యు వితౌట్ యు' ఉంది. లండన్‌లోని ఏషియన్ మ్యూజిక్ సర్కిల్‌కు చెందిన భారతీయ వాద్యకారులు దిల్‌రుబా, తబలా వాయించారు. దిల్‌రుబా స్వరం నుంచి స్వరానికి జారుతుంది. ఆ జారులను అనుసరించేట్టు మార్టిన్ ఎనిమిది వయొలిన్లకూ మూడు చెల్లోలకూ స్వరాలు రాసిచ్చాడు. కాగితం మీది స్వరాన్ని నిక్కచ్చిగా పట్టుకునే ఆ వాద్యకారులకు గమకం నేర్పడం ఎంత ఓపిక పనో ఊహించండి. హారిసన్ అంతటితో ఆగకుండా 1968 జనవరిలో బొంబాయిలోని హెచ్ఎంవీ స్టూడియోకే వచ్చి మన వాద్యకారులతో రికార్డు చేసుకున్నాడు.

లోకంలో లేని చోటును మార్టిన్ కట్టాడు. ఉన్న చోటునే వాడుకున్నవాళ్లలో నాకు మొదట గుర్తొచ్చేది 1971 నాటి లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బమ్. ఇంగ్లండులోని హాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనం ఉంది. అక్కడికి బ్యాండు వెళ్లి, రోలింగ్ స్టోన్స్ వారి సంచార స్టూడియో బండిని బయట నిలుపుకుంది. ప్రొడ్యూసర్ గిటారిస్టు జిమ్మీ పేజే, ఇంజనీరు ఆండీ జాన్స్. 'వెన్ ద లెవీ బ్రేక్స్' కోసం జాన్ బోనమ్ డ్రమ్స్‌ను మెట్లదారి అడుగున పెట్టి, పై అంతస్తు నుంచి రెండు మైకులు వేలాడదీశారు. డ్రమ్ముల దగ్గర వేరే మైకు లేదు. దెబ్బ కొట్టేది కింద, అది మెట్లూ గోడలూ తడుముకుంటూ పైకి వస్తుంటే పట్టుకునేది పైన. ఎమరిక్ చేసినదానికి సరిగ్గా వ్యతిరేకం. బోనమ్ బలంగా కొడతాడు, నిజమే. కానీ ఆ బలాన్ని మనకు కొలిచి చూపించింది మూడు అంతస్తుల గాలి. తర్వాత ఎన్ని హిప్‌హాప్ రికార్డులు ఆ డ్రమ్ దెబ్బల్ని కోసుకుని వాడుకున్నాయో లెక్కలేదు.

ఇప్పుడు బెర్లిన్‌కు వెళ్దాం. 1977, హాన్సా స్టూడియో, బెర్లిన్ గోడకు కూతవేటు దూరం. బౌవీ 'హీరోస్' పాటకు సంగీతమంతా టేపు మీద సిద్ధంగా ఉంది, గొంతుకు మిగిలింది ఒకే ట్రాక్. సహ ప్రొడ్యూసర్ టోనీ విస్కోంటి ఆ పెద్ద హాల్లో మూడు మైకులు పెట్టాడు. ఒకటి బౌవీ ముఖం ముందు, సుమారు తొమ్మిది అంగుళాల్లో. రెండోది ఇరవై అడుగుల దూరంలో. మూడోది యాభై అడుగుల దూరంలో. వెనక రెండు మైకులకూ గేట్లు పెట్టాడు. గేటు అంటే, వచ్చే ధ్వని ఒక స్థాయి దాటితేనే తెరుచుకుని, దానికి తగ్గగానే మూసుకునే పరికరం. బౌవీ గొంతు తగ్గించి పాడినంతసేపూ దగ్గరి మైకు ఒక్కటే పనిచేస్తుంది. స్వరం పెంచితే రెండోది తెరుచుకుంటుంది. గొంతెత్తి అరిస్తేనే మూడోది.

ఆ ఏర్పాటు గురించి ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు కొత్తగానే ఉంటుంది. మామూలుగా గాయకుడు పాడతాడు, ఎంత ప్రతిధ్వని కలపాలో తర్వాత మిక్సింగ్‌లో చూసుకుంటారు. విస్కోంటి ఆ వీలు లేకుండా చేశాడు. హాలు తెరుచుకోవాలంటే బౌవీయే తెరవాలి, తన ఊపిరితిత్తుల బలంతో. పాట మొదట్లో ఎవరికో చెవిలో చెప్తున్నట్టు ఉన్న మనిషి, చివరికి తన సొంత ప్రతిధ్వనితో పోటీపడి అరుస్తుంటాడు. గెలుపు ఒక్కరోజుదే అని తెలిసిన ప్రేమికుల కథకు అంతకంటే తగిన గది ఏముంటుంది? బ్రయన్ ఈనో సింథసైజర్లూ, రాబర్ట్ ఫ్రిప్ గిటారూ ఆ పాటకు ఎంతో చేశాయి. కానీ కథను నడిపింది మాత్రం ఆ మూడు మైకులే అంటాను.

గేటు పేరు వచ్చింది కాబట్టి దాని తర్వాతి చరిత్ర క్లుప్తంగా చెప్తాను. 1980లో వచ్చిన పీటర్ గేబ్రియల్ మూడో ఆల్బమ్ లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో తయారవుతున్నప్పటి సంగతి. స్టీవ్ లిల్లీవైట్ ప్రొడ్యూసర్, హ్యూ పాడ్‌గమ్ ఇంజనీరు. సింబల్స్ వద్దన్నాడు గేబ్రియల్. ఫిల్ కాలిన్స్ డ్రమ్స్ వాయిస్తుండగా, గదిలోని వాళ్లు కంట్రోల్ రూముతో మాట్లాడుకోవడానికి పెట్టిన మైకు తెరుచుకుంది. దానికున్న గట్టి కంప్రెసర్ డ్రమ్ముల ధ్వనిని ఉబ్బించి, గది మోత మొత్తాన్ని ముందుకు తెచ్చింది. ఆ మోత చివరను గేటుతో టక్కున కోసేశారు. 'ఇంట్రూడర్' అనే ఆ పాటలో పెద్ద హాలు ఒక్క క్షణం ఉండి మాయమవుతుంది. దొంగ గురించిన పాటకు అది భయంకరంగా సరిపోయింది. మరుసటి ఏడు కాలిన్స్ 'ఇన్ ది ఎయిర్ టునైట్'లో అదే వాడాడు. అక్కడి నుంచి పదేళ్లపాటు, ఏ భావమున్న పాటకైనా, అవే డ్రమ్స్. ఒక పాట కోసం పుట్టిన చోటులోకి వేల పాటల్ని తోసేశారు. ఆ దశాబ్దపు రికార్డులు చాలావరకు నాకు రుచించకపోవడానికి అదే కారణం.

ప్రొడ్యూసర్ బ్యాండు మాట వినకపోతే ఏమవుతుంది? 1979 ఏప్రిల్‌లో జాయ్ డివిజన్ అనే మాంచెస్టర్ కుర్రాళ్లు స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెర్రీ స్టూడియోలో 'అన్‌నోన్ ప్లెజర్స్' రికార్డు చేశారు. వేదిక మీద వాళ్లది రంకెలేసే సంగీతం. రికార్డు కూడా అలాగే ఉండాలని గిటారిస్టు బెర్నార్డ్ సమ్నర్, బేసిస్టు పీటర్ హుక్ కోరుకున్నారు. ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్ వాళ్ల రంకెను తీసేశాడు. ఏఎంఎస్ వారి డిజిటల్ డిలే యంత్రంతో డ్రమ్స్‌ను చల్లబరిచాడు. 'ఇన్‌సైట్' అనే పాటలో ఇయన్ కర్టిస్ గొంతు కావలసినంత దూరంగా రావాలని టెలిఫోన్ తీగ మీదుగా రికార్డు చేశాడు. ఇంకో పాటలో గాజు పగిలే చప్పుడు కలిపాడు. బయటికి వచ్చిన ఆల్బమ్ విని సమ్నర్, హుక్ నిరాశపడ్డారు. తమ బలమంతా పోయిందనిపించింది వాళ్లకు.

ఏళ్ల తర్వాత హుక్ మనసు మార్చుకుని హానెట్ పనిని మెచ్చుకున్నాడు. అయినా నేను ఇక్కడ బ్యాండు వైపు నుంచి కూడా ఆలోచిస్తాను. వాళ్ల పాటలు, వాళ్ల చెమట, వాళ్ల పేరు. ఎవరో వచ్చి వాళ్లను తమకే తెలియని చోటికి తీసుకెళ్లి నిలబెట్టాడు. ఆ హక్కు అతనికి ఎవరిచ్చారు? నా జవాబు ఇది: కర్టిస్ రాసిన మాటలు ఇచ్చాయి. అవి జనం మధ్య నిలబడి అరిచే మనిషి మాటలు కావు. గాజు తలుపు అవతల ఉన్న మనిషి మాటలు. గదిలో ఉన్నవాళ్లలో ముందుగా వాటిని విన్నది హానెట్ అని నా నమ్మకం. పాట అడిగినదాన్ని ఇవ్వడానికి బ్యాండు అడిగినదాన్ని కాదనడం ఎంత ప్రమాదమో నాకు తెలుసు. పది సార్లలో తొమ్మిది సార్లు అది చెడగొట్టడమే అవుతుంది. ఇది పదోది.

ఈ ప్రమాదాన్ని జీవితమంతా వ్యతిరేకించినవాడు స్టీవ్ ఆల్బినీ. 2024 మే 7న, 61 ఏళ్లకే పోయాడు. తనను ప్రొడ్యూసర్ అనవద్దనేవాడు. 'రికార్డు చేసినవాడు' అని వేస్తే చాలు, అదీ వేయకపోయినా ఫర్వాలేదనేవాడు. రికార్డు అమ్మకాల్లో వాటా తీసుకోవడం బ్యాండు కష్టాన్ని దోచుకోవడమేనని నమ్మి, పనికి కూలి మాత్రం పుచ్చుకున్నాడు. నిర్వాణా ఆల్బమ్ 'ఇన్ యుటెరో'కు ఆయన తీసుకున్నది లక్ష డాలర్లు, అంతే. వాటా అడిగి ఉంటే ఎన్ని రెట్లు వచ్చేదో ఆయనకు తెలియక కాదు.

ఆ ఆల్బమ్‌ను దాని ముందుదానితో కలిపి వినాలి. 1991 నాటి 'నెవర్‌మైండ్'కు బుచ్ విగ్ ప్రొడ్యూసర్, లాస్ ఏంజెలెస్‌లోని సౌండ్ సిటీ స్టూడియో. నిర్వాణా గాయకుడు కర్ట్ కోబెయిన్‌కు ఒకే పాటను రెండుసార్లు పాడి గొంతు మీద గొంతు పేర్చడం ఇష్టం లేదు, అది మోసమనుకునేవాడు. లెనన్ కూడా అలాగే చేశాడని చెప్పి విగ్ ఒప్పించాడు. చివరి మిక్సింగ్ ఆండీ వాలెస్ చేశాడు. రేడియోలో ఏ పాట పక్కనైనా నిలబడగల నిండుతనం వచ్చింది. లోకమంతా విన్నది. మరీ నున్నగా ఉందని కోబెయిన్ తర్వాత బాధపడ్డాడు. 1993 ఫిబ్రవరిలో మినెసోటాలోని కానన్ ఫాల్స్‌లో, పాకిడెర్మ్ స్టూడియోలో, ఆల్బినీ రెండు వారాల్లో 'ఇన్ యుటెరో' ముగించాడు. డేవ్ గ్రోల్ డ్రమ్స్ చుట్టూ చాలా మైకులు పెట్టి గది ధ్వనిని పట్టాడు. రెండు పాటలకు ఆ డ్రమ్స్‌ను వంటగదిలోకి మార్చారు. కోబెయిన్ గొంతు వాద్యాల పైన కూర్చోదు, వాటి మధ్య ఊపిరి కోసం పెనుగులాడుతుంది. రికార్డు కంపెనీకి నచ్చలేదు. చివరకు 'హార్ట్ షేప్డ్ బాక్స్', 'ఆల్ అపాలజీస్' పాటల్ని స్కాట్ లిట్ చేత మళ్లీ మిక్స్ చేయించారు.

ఆల్బినీ నిజాయితీకి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ తాను ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టాను, అంతే అన్న ఆయన మాటను ఒప్పుకోలేను. 1988లో వచ్చిన పిక్సీస్ ఆల్బమ్ 'సర్ఫర్ రోసా' చేసినప్పుడు కిమ్ డీల్ గొంతును స్టూడియో బాత్‌రూములో రికార్డు చేసింది ఎవరు? బాత్‌రూము ఉన్నది ఉన్నట్టే ఉంది, నిజమే, కానీ ఆమెను అక్కడికి పంపింది ఆయన. 1997లో షికాగోలో ఎలక్ట్రికల్ ఆడియో అనే సొంత స్టూడియో కట్టుకున్నప్పుడు గోడలకు ఎండబెట్టిన మట్టి ఇటుకలు వాడాడు, ధ్వని ఎలా తిరిగి రావాలో ముందే ఆలోచించి. ఇటుక దగ్గరే నిర్ణయం జరిగిపోయాక, నేనేమీ నిర్ణయించలేదనడం కుదరదు. తన పేరు వద్దనుకోవడం ఆయన సంస్కారం. ఆయన చెవి ఆ రికార్డులన్నిటి మీదా ఉంది.

ఇప్పుడు కొత్త సంగతి ఒకటి వచ్చింది. ఒకే ట్రాక్‌లో కలిసిపోయిన వాద్యాలను సాఫ్ట్‌వేర్ విడదీస్తోంది. ఆ వీలుతోనే జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ 2022లో 'రివాల్వర్'కు కొత్త మిక్స్ చేశాడు. చాలా జాగ్రత్తగా, ప్రేమతో చేసిన పని. స్పష్టత పెరిగింది. కానీ 1966, 67ల్లో బీటిల్స్ దగ్గరుండి చేయించుకున్నది మోనో మిక్స్. 'సార్జంట్ పెప్పర్' స్టీరియో మిక్స్ తర్వాత, వాళ్లు లేకుండా, తక్కువ సమయంలో జరిగింది. ఈ తరం ఫోనులో వినేది స్టీరియోనో, కొత్త మిక్సో అవుతుంది. వాళ్లు నిలబెట్టాలనుకున్న చోట మనం నిలబడటం లేదన్నమాట. కొత్త మిక్సులు ఎన్నైనా రానివ్వండి. కంపెనీలు అసలు మోనోను అందుబాటులోంచి తీసేయకూడదు. దానికోసం శ్రోతలు గట్టిగా అడగాలి. 2009లో మోనో పెట్టె విడుదలైంది కూడా అలా అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టే.

మన దగ్గర ఉన్న కొద్ది సమయంలో మూడు రికార్డులు వినిపించమని నిర్వాహకుల్ని కోరాను. మొదట 'ఎలనార్ రిగ్బీ', మోనోలో. తర్వాత 'వెన్ ద లెవీ బ్రేక్స్' తొలి నిమిషం. చివర 'హీరోస్' పూర్తిగా. ఈ చివరిదానిలో బౌవీ గొంతు పెంచడం మొదలుపెట్టే దగ్గర గొంతును వదిలేసి, దాని వెనకాల గదిని వినండి. రెండో మైకు తెరుచుకోవడం పట్టుకోగలిగితే, మూడోది మీకే తెలుస్తుంది. ఆ తర్వాత ప్రశ్నలు తీసుకుంటాను.